అనివార్య కృపపై బాప్టిస్టుల, కాల్వినిస్టుల అభిప్రాయాలు: సంఘ బైబిలు స్టడీలో పరిశీలించే విధానం

దేవుడు రక్షించాలని నిశ్చయించుకున్న మనిషి ఆ కృపను చివరిదాకా కాదనగలడా? కాదనలేడనే బోధకే ‘అనివార్య కృప’ అని పేరు. యౌవనస్థుల కూడికలో ఎవరో ఒకరు లేచి ఈ ప్రశ్న అడిగిన మరుక్షణం గది రెండుగా చీలిపోవడం, తర్వాత గంటసేపు ఒకరి వచనానికి మరొకరు ఇంకో వచనం అడ్డం పెట్టడం, చివరికి పాస్టరు గారు ప్రార్థన చేసి ముగించడం చాలా సంఘాల్లో జరిగేదే. ఇంత బరువైన విషయానికి అంతకంటే మంచి పద్ధతి కావాలి. బాప్టిస్టు సంఘంలో ఈ అధ్యయనాన్ని నడిపించే పెద్ద కోసం, వేదపాఠశాల విద్యార్థి కోసం, లేదా ఇంట్లో కూర్చుని స్వయంగా తేల్చుకోవాలనుకునే విశ్వాసి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. దీనికి కనీసం నాలుగు కూడికలు కేటాయించుకోవాలి. ఒక్క సాయంత్రంలో ముగించాలని చూస్తే వాదనే మిగులుతుంది.

ముందుగా ప్రశ్నను సరిగ్గా నిలబెట్టుకోవాలి

మొదటి కూడికలో వచనాలు తెరవకముందే ఒక అపార్థాన్ని తొలగించాలి. బాప్టిస్టులు ఒక పక్షం, కాల్వినిస్టులు ఎదుటి పక్షం అని బోర్డు మీద రెండు నిలువు గళ్లు గీస్తే ఆ బొమ్మే తప్పుగా ఉంటుంది. విశ్వసించినవారికే బాప్తిస్మం ఇవ్వాలని, అది ముంచి ఇవ్వాలని, ప్రతి స్థానిక సంఘం తన వ్యవహారాలను తానే నడుపుకోవాలని నమ్మేవారు బాప్టిస్టులు. మనిషి రక్షణలో దేవుని సార్వభౌమత్వం ఎలా పనిచేస్తుందన్న విషయంలో పదహారో శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ బోధ నుంచి సంస్కరణ సంఘాలు రూపొందించుకున్న సిద్ధాంతాలను పట్టుకున్నవారు కాల్వినిస్టులు. ఒకే వ్యక్తి ఈ రెండూ కావచ్చు. కాకపోనూ వచ్చు.

చరిత్ర చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్, థామస్ హెల్విస్‌ల చుట్టూ ఏర్పడిన ఆంగ్ల బాప్టిస్టు గుంపు క్రీస్తు అందరి కోసం చనిపోయాడని, మనిషి కృపను నిరాకరించగలడని బోధించింది. వీరి నుంచి వచ్చిన వారికే జనరల్ బాప్టిస్టులని పేరు. 1630ల నుంచి లండన్‌లో తలెత్తిన మరో పాయ, అంటే పర్టిక్యులర్ బాప్టిస్టులు, పూర్తిగా కాల్వినిస్టులు. వీరు 1677లో తయారు చేసుకున్న విశ్వాస ప్రకటనను 1689లో లండన్‌లో వందకు పైగా సంఘాల ప్రతినిధులు కూడి ఆమోదించారు. అందులోని పదవ అధ్యాయం, పరిశుద్ధాత్మ మనిషిని రక్షణకు పిలిచే విధానాన్ని గురించినది, ఇంగ్లండులో సంస్కరణ వేదాంతులు రాసిన 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ ప్రకటనను చాలావరకు యథాతథంగా అనుసరిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ నగరాన్ని కదిలించిన బాప్టిస్టు ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్ ఈ పాయకు చెందినవాడే. అటువైపు అమెరికాలోని ఫ్రీ విల్ బాప్టిస్టులు తమ పేరులోనే తమ అభిప్రాయాన్ని చాటుకున్నారు. కాబట్టి ‘బాప్టిస్టు అభిప్రాయం’ అని ఏకవచనంలో ఎవరైనా మాట్లాడితే, ఏ బాప్టిస్టులు అని మర్యాదగా అడగడం నడిపించే వ్యక్తి మొదటి బాధ్యత. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం కాల్వినిస్టులు కాకపోయినా ఒకసారి నిజంగా రక్షింపబడినవాడు నశించడని నమ్మే బాప్టిస్టులను ‘సంప్రదాయ బాప్టిస్టులు’ అంటాను. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులలో ఒక వర్గం 2012లో తమ విశ్వాసాన్ని పది అంశాల ప్రకటనగా వెలువరించినప్పుడు తమను తాము అలాగే చెప్పుకుంది.

ఇక ప్రశ్న. ‘కృపను ఎదిరించవచ్చా?’ అని అడిగితే ఇరువర్గాలూ అవుననే అంటాయి. మనుషులు దేవుని మాటను ప్రతిరోజూ ఎదిరిస్తూనే ఉన్నారని ఏ కాల్వినిస్టూ కాదనడు. అలాగే, పాపి తనంతట తానే మొదట లేచి దేవుని వెతుక్కుంటూ వస్తాడని బాధ్యత గల ఏ సంప్రదాయ బాప్టిస్టూ చెప్పడు. ఇద్దరి మధ్య నిజమైన గీత ఎక్కడుందో తెలియాలంటే ప్రశ్నను ఇలా అడగాలి: నూతన జన్మ ముందా, విశ్వాసం ముందా? దేవుడు ముందు హృదయాన్ని మారిస్తే దాని ఫలంగా మనిషి నమ్ముతాడా, లేక పరిశుద్ధాత్మ ఒప్పింపజేయగా మనిషి నమ్మితే దేవుడు అతనికి నూతన జన్మ ఇస్తాడా? ఇది గడియారంలో కొలిచే ముందువెనుకల సంగతి కాదని, ఏది దేనికి కారణమన్నదే అసలు ప్రశ్న అని కూడా చెప్పాలి. నా అనుభవంలో ఈ ఒక్క ప్రశ్నను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి నాలుగు కూడికలూ చెరపకుండా ఉంచితే చర్చ దారి తప్పదు. ఏర్పాటు (ఎవరు రక్షింపబడాలో దేవుడు ముందే ఎన్నుకోవడం), పరిమిత ప్రాయశ్చిత్తం (ఎన్నుకోబడినవారి కోసమే క్రీస్తు చనిపోయాడనే బోధ), నరకం, శిశువుల రక్షణ వంటివి తప్పకుండా మధ్యలో వస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టాలి.

ప్రతి పక్షాన్నీ దాని సొంత పత్రాల నుంచే చదవాలి

రెండో కూడికలో ఒక నియమం పెట్టుకోవాలి. కాల్వినిస్టు అభిప్రాయాన్ని దాని విమర్శకుల నుంచి, సంప్రదాయ బాప్టిస్టు అభిప్రాయాన్ని కాల్వినిస్టు ప్రసంగాల నుంచి నేర్చుకోకూడదు. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో ఎక్కువగా జరిగేది ఇదే గనుక ఈ నియమాన్ని గట్టిగా పాటించాలని నా మనవి.

కాల్వినిస్టు పక్షానికి మూలపత్రం నెదర్లాండ్స్‌లోని డార్డ్రెక్ట్ నగరంలో 1618, 1619లలో జరిగిన మహాసభ తీర్మానాలు. కాల్వినిస్టు బోధను ప్రశ్నించిన డచ్ వేదాంతి జాకబ్ ఆర్మీనియస్ 1609లో మరణించాక ఆయన అనుచరులు 1610లో ఐదు అంశాలతో ఒక విన్నపం సమర్పించారు. ఆ మహాసభ తీర్మానాలు దానికి జవాబే. అందులోని నాలుగో అంశం, కృప లేకుండా మనిషి ఏ మేలూ చేయలేడని ఒప్పుకుంటూనే, ఆ కృప పనిచేసే తీరు మాత్రం ఎదిరించరానిది కాదని చెప్పింది. అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయాన్ని ఆధారంగా చూపింది. ‘అనివార్య కృప’ అన్న మాట ఆ నిరాకరణ చుట్టూ నడిచిన వాదం నుంచి స్థిరపడింది గనుకనే చాలామంది కాల్వినిస్టులు ‘ఫలవంతమైన పిలుపు’, అంటే తప్పక ఫలించే పిలుపు, అనడానికి ఇష్టపడతారు.

ఆ తీర్మానాలలో మూడు, నాలుగు శీర్షికలను కలిపి రాసిన భాగాన్ని గుంపులో బిగ్గరగా చదివించండి. ఎనిమిదో అంశం, సువార్త వినే ప్రతి ఒక్కరినీ దేవుడు నిష్కపటంగానే పిలుస్తున్నాడని చెబుతుంది. వినీ రానివారి తప్పు సువార్తది కాదు, క్రీస్తుది కాదు, వారిదేనని తొమ్మిదో అంశం అంటుంది. పన్నెండో అంశం నూతన జన్మను సృష్టితోను, మృతుల పునరుత్థానంతోను సమానమైన దేవుని కార్యంగా వర్ణించి, అలా నూతనపరచబడిన చిత్తం తానే క్రియాశీలమవుతుందనీ, అందుచేత నమ్మేది, మారుమనస్సు పొందేది మనిషే అనడం సరైనదేననీ ముగిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పదహారో అంశం. దేవుడు మనుషులను మొద్దుల్లాగా, రాళ్లలాగా చూడడనీ, వారి చిత్తాన్ని రద్దు చేయడనీ, బలవంతంగా ఈడ్చడనీ, దాన్ని బ్రతికించి, స్వస్థపరచి, వంచుతాడనీ అక్కడ ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్ ప్రకటన కూడా, దాన్ని అనుసరించిన 1689 బాప్టిస్టు ప్రకటన కూడా, ఇలా పిలవబడినవారు కృపచేత ఇష్టపడేవారిగా చేయబడి సంపూర్ణ స్వేచ్ఛతో వస్తారని అంటాయి. ‘కాల్వినిస్టులు మనిషిని మరబొమ్మను చేస్తారు’ అనే ఆరోపణ ఈ పాఠం చదివాక అదే రూపంలో నిలవదు. ఆ ఆరోపణ చేయాలనుకునేవారు, మారిన చిత్తం స్వేచ్ఛగానే వస్తే, ఆ మార్పు తన అనుమతి లేకుండా జరిగినందువల్ల అది స్వేచ్ఛ కాకుండా పోతుందా అన్న అసలు స్థానానికి తమ వాదాన్ని జరుపుకోవాలి.

సంప్రదాయ బాప్టిస్టుల పక్షానికి 2012 ప్రకటనలోని నాలుగు, ఐదు అంశాలు చదవాలి. దేవుడు ప్రాయశ్చిత్తాన్ని సిద్ధపరచడంలోను, పరిశుద్ధాత్మ శక్తితో సువార్తను మనిషి దగ్గరికి చేర్చడంలోను చొరవంతా తానే తీసుకున్నాడనీ, అదే కృప అనీ అది నిర్వచిస్తుంది. తర్వాత, ఆ కృప మనిషి స్వేచ్ఛగా చేసే విశ్వాసపు స్పందనను అనవసరం చేస్తుందని గాని, దాన్ని ఎదిరించడం అసాధ్యమని గాని తాము ఒప్పుకోమంటుంది. సువార్త విని స్పందించకముందే ఎవరైనా నూతన జన్మ పొందుతారన్న మాటను ఐదో అంశం తిరస్కరిస్తుంది. ఇక్కడ విశ్వాసం రక్షణను సంపాదించే క్రియగా లెక్కలోకి రాదు. దానం అందుకునే చెయ్యి దానానికి వెల కాదు కదా. ఈ మాటను కాల్వినిస్టులు కూడా ఒప్పుకుంటారు. అయితే ఆ చెయ్యి చాపే శక్తి చచ్చినవాడికి ఎక్కడిదని వెంటనే అడుగుతారు.

ఈ ప్రకటనలోని రెండో అంశం, ఆదాము పాపం వల్ల ఎవరి స్వేచ్ఛా చిత్తమూ అశక్తం కాలేదన్నట్టుగా మాట్లాడటం అప్పట్లో తీవ్ర విమర్శకు గురైంది. కాల్వినిస్టులే కాక, ఆర్మీనియస్ అనుచరులలో కొందరు కూడా ఆ వాక్యాన్ని తప్పుపట్టారు. నా మటుకు నాకు ఆ విమర్శ న్యాయంగానే తోస్తుంది. కృప ముందుగా తాకితే తప్ప పాపి స్పందించలేడని అక్కడ ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. కానీ ఒక వాక్యం బలహీనత వల్ల మొత్తం అభిప్రాయాన్నే కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇరువర్గాలూ సంతకం పెట్టగల పత్రం కూడా ఒకటుందని చూపించడం మంచిది. సదరన్ బాప్టిస్టుల 2000 నాటి విశ్వాస ప్రకటన, నూతన జన్మ అంటే పాపపు ఒప్పుదల ద్వారా పరిశుద్ధాత్మ కలిగించే హృదయ మార్పు అనీ, దానికి పాపి మారుమనస్సుతోను, విశ్వాసంతోను స్పందిస్తాడనీ చెబుతుంది. మార్పు ముందా, స్పందన ముందా అన్నది ఎవరికి తగినట్టు వారు చదువుకోగలిగేలా ఆ వాక్యం ఉంది. అందుకే ఆ సమాజంలో రెండు రకాలవారూ ఒకే వేదిక మీద కూర్చుని మిషనరీలను పంపగలుగుతున్నారు.

వచనాలు: యోహాను 6 దగ్గర నిదానంగా ఆగాలి

మూడో కూడిక మొత్తం లేఖనానికే. వచనాల పట్టిక ఇచ్చి పరుగులు పెట్టించడం కంటే ఒక భాగాన్ని లోతుగా చూడడం మేలు. నేను యోహాను 6ను ఎంచుకుంటాను, ఎందుకంటే ఇరువర్గాలూ అక్కడే తమ బలమైన ఆధారం ఉందని నమ్ముతాయి.

“తండ్రి నాకు అనుగ్రహించువారందరును నాయొద్దకు వత్తురు” అని 37వ వచనం. తండ్రి ఆకర్షిస్తేనే తప్ప ఎవడూ తన దగ్గరికి రాలేడనీ, అలా వచ్చినవాణ్ణి అంత్యదినమున తాను లేపుతాననీ 44వ వచనం. కాల్వినిస్టు చదివే తీరు ఇది: ఆకర్షించబడినవాడు, లేపబడినవాడు ఒక్కడే. అంత్యదినాన అందరూ జీవానికి లేపబడరు గనుక అందరూ ఈ అర్థంలో ఆకర్షించబడలేదు. ఆకర్షించబడినవారిలో ఒక్కరూ తప్పిపోలేదు. కాబట్టి ఈ ఆకర్షణ తన పని పూర్తి చేసి తీరుతుంది. ఈ వాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కూడికలో ఎవరైనా ‘అదేం లేదు’ అని దాటవేయబోతే, ఆ వచనంలో ‘వానిని’ అన్నది రెండు చోట్లా ఎవరిని సూచిస్తోందో చెప్పమని అడగాలి.

సంప్రదాయ బాప్టిస్టు జవాబు తర్వాతి వచనంలో మొదలవుతుంది. తండ్రి వలన విని నేర్చుకున్న ప్రతివాడూ తన దగ్గరికి వస్తాడని యేసు 45లో వివరించాడు గనుక, తండ్రి ఆకర్షించే మార్గం బోధ. వినడం, నేర్చుకోవడం అన్నవి మనిషి నిరాకరించగలిగినవి. దానికి తోడు, ఒక అధ్యాయం ముందే 5:40లో జీవం పొందడానికి తన దగ్గరికి రానొల్లరని యేసు కొందరిని గద్దించాడు. 12:32లో తాను పైకెత్తబడితే అందరినీ తన దగ్గరికి ఆకర్షించుకుంటానన్నాడు. దీనికి కాల్వినిస్టు ప్రత్యుత్తరం కూడా వినిపించాలి. 45లో విని నేర్చుకున్న ‘ప్రతివాడూ’ వస్తాడని ఉంది, కొందరు వస్తారని లేదు; 12వ అధ్యాయంలో గ్రీకులు యేసును చూడగోరిన సందర్భం ఉంది గనుక ‘అందరు’ అంటే అన్ని జాతులవారు అని. ఇలా రెండు మూడు విడతలు ముందుకూ వెనక్కూ నడిపించాక గుంపును మౌనంగా ఆ అధ్యాయం మొత్తం చదవమనండి. నా తీర్పు అడిగితే, 44వ వచనం విడిగా కాల్వినిస్టు పఠనానికి బలమిస్తుందనీ, యోహాను సువార్త మొత్తం మీద మనిషి బాధ్యతను మోపే స్వరం ఆ పఠనం మోయగలిగినదానికంటే బిగ్గరగా ఉందనీ అంటాను. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి మీ గుంపులో ప్రతి ఒక్కరికీ రుచించదు, అయినా ఫరవాలేదు.

తర్వాత ఇద్దరు మనుషులను పక్కపక్కన పెట్టి చూడండి. ఫిలిప్పీ ఊరి బయట నది ఒడ్డున కూడిన స్త్రీలలో తుయతైరకు చెందిన లూదియ ఉంది, ఊదారంగు పొడి అమ్ముకునే స్త్రీ. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు గనుక పౌలు మాటల మీద ఆమె లక్ష్యముంచిందని అపొస్తలుల కార్యములు 16:14 చెబుతుంది. తెరవడం ముందు, లక్ష్యముంచడం తర్వాత. ఆ వరుస కాల్వినిస్టుకు అనుకూలం. అయితే ఆమె అప్పటికే దేవుని యందు భక్తి గలదని అదే వచనం చెబుతోంది గనుక, ఇది తొలి వెలుగుకు స్పందించిన మనిషికి దొరికిన మరింత వెలుగు అని సంప్రదాయ బాప్టిస్టు అంటాడు. రెండోవాడు అదే పుస్తకం 24వ అధ్యాయంలోని రోమా అధిపతి ఫేలిక్సు. నీతిని, ఆశానిగ్రహాన్ని, రాబోవు విమర్శను గురించి పౌలు మాట్లాడుతుంటే అతను మిగుల భయపడి, సమయమైనప్పుడు పిలిపిస్తానని పంపేశాడు. ఆ భయం పరిశుద్ధాత్మ పనేనా? అయితే ఆత్మ పని ఓడిపోయిందా? సంప్రదాయ బాప్టిస్టు, అవును, అతను కృపను నిరాకరించాడు అంటాడు. బయటి పిలుపు, అంటే చెవిన పడే సువార్త, ఆత్మ చేసే సాధారణమైన పనులు ఫేలిక్సు వంటివారికీ అందుతాయి గాని, ఫలవంతమైన పిలుపు వేరని కాల్వినిస్టు అంటాడు. స్తెఫను గద్దింపు (అపొస్తలుల కార్యములు 7:51), యెరూషలేము మీద యేసు విలాపం (మత్తయి 23:37) విషయంలో కూడా ఇరువర్గాల జవాబులు ఈ దారిలోనే నడుస్తాయి గనుక వాటిమీద ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు. ఎఫెసీ 2, యెహెజ్కేలు 36 ఇంటి దగ్గర చదువుకు ఇవ్వవచ్చు. రోమా 9 తెరిస్తే చర్చ ఏర్పాటు మీదికి పోతుంది. దానికి వేరే అధ్యయనం పెట్టుకోండి.

ప్రతి పక్షాన్నీ దాని కష్టమైన ప్రశ్న ముందు నిలబెట్టాలి

నాలుగో కూడికలో ఎవరి పక్షంలో వారికి నొప్పి కలిగించే ప్రశ్నను వారినే జవాబు చెప్పమనాలి. కాల్వినిస్టుకు: డార్డ్రెక్ట్ తీర్మానాల ఎనిమిదో అంశం చెప్పినట్టు దేవుడు అందరినీ నిష్కపటంగా పిలుస్తుంటే, వచ్చే శక్తిని కొందరికే ఇవ్వడం ఆ నిష్కపటత్వంతో ఎలా పొసగుతుంది? సంప్రదాయ బాప్టిస్టుకు: ఒకే ప్రసంగం విన్న అన్నదమ్ములిద్దరిలో అన్న నమ్మి, తమ్ముడు నమ్మకపోతే, తేడా ఎక్కడి నుంచి వచ్చింది? అన్నలో ఏదో మంచితనం ఉందంటే అతిశయానికి తావు ఏర్పడుతుంది. తేడా దేవుని నుంచే అంటే కాల్వినిస్టు పక్షానికి వచ్చేసినట్టే. ఇంకో ప్రశ్న కూడా ఉంది, దీన్ని తరచుగా మరచిపోతారు. సంప్రదాయ బాప్టిస్టులు ఒకసారి నిజంగా రక్షింపబడినవాడు ఎన్నటికీ నశించడని నమ్ముతారు, ఇక్కడే ఫ్రీ విల్ బాప్టిస్టుల నుంచి, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ అనుచరుల నుంచి విడిపోతారు. నమ్మకముందు కాదనే స్వేచ్ఛ ఉన్న మనిషికి నమ్మాక ఆ స్వేచ్ఛ ఏమైంది? నూతన జన్మ మనిషి స్థితినే మార్చిందనీ, నమ్మినవాడు పరిశుద్ధాత్మచేత ముద్రింపబడ్డాడనీ (ఎఫెసీ 1:13) వారి జవాబు. అది ఆలోచించదగ్గ జవాబే. కానీ మారిన స్వభావం మనిషిని తప్పకుండా క్రీస్తు వైపే నడిపిస్తుందని ఒప్పుకున్నాక, కాల్వినిస్టు చెప్పేదానికి అది ఎంత దగ్గరగా వచ్చిందో వారు గమనించాలి.

సువార్త ప్రకటన మీద ప్రభావం

అనివార్య కృపను నమ్మితే సువార్త పని ఆగిపోతుందన్న భయం మన సంఘాల్లో గట్టిగా ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో కొందరు పర్టిక్యులర్ బాప్టిస్టులు, మారని పాపిని ‘నమ్ము’ అని ఆహ్వానించడానికి వెనుకాడే స్థితికి నిజంగానే చేరారు. దాన్ని లోపలి నుంచే సరిదిద్దినవాడు ఆండ్రూ ఫుల్లర్. సువార్త విన్న ప్రతి మనిషికీ నమ్మడం కర్తవ్యమేనని, నమ్మలేకపోవడం ఇష్టం లేకపోవడమేనని 1785లో ఆయన వాదించాడు. 1792లో కెటరింగ్ పట్టణంలో బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించి విలియం కేరీని భారతదేశానికి పంపినవారు ఈ కాల్వినిస్టు బాప్టిస్టులే. మన నేల మీద చూస్తే, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది ఒకే రోజు బాప్తిస్మం పొందారు. ఆ రోజును దేవుడు తెరిచిన హృదయాల పంటగా ఒకరు, సువార్తకు స్పందించిన జనసమూహంగా మరొకరు వర్ణించవచ్చు. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి పల్లెపల్లెకూ నడిచి వాక్యం చెప్పిన తెలుగు బోధకుల పనిని ఏ వర్ణనా తీసివేయలేదు.

ఆచరణలో తేడా కనిపించేది ప్రసంగం చివర ఇచ్చే పిలుపులో. ‘చెయ్యి ఎత్తండి, ముందుకు రండి’ అనే పద్ధతి మీద కాల్వినిస్టులు అనుమానపడేది, నడిచి వచ్చిన అడుగులనే నూతన జన్మగా జనం పొరబడతారని. సంప్రదాయ బాప్టిస్టులు దాన్ని విడవనిది, విన్నవాడు నిర్ణయం తీసుకోకుండా ఇంటికి పోకూడదని. రెండు ఆందోళనలూ సరైనవే. ఈ అధ్యయనం తర్వాత మీ సంఘంలో పిలుపు ఇచ్చే పద్ధతిని మార్చాలనిపిస్తే, ముందుకు వచ్చినవారితో ఆ వారంలోనే ఒక పెద్ద ఇంటికి వెళ్లి మాట్లాడే ఏర్పాటు చేయండి. ఆ ఏర్పాటుకు ఏ పక్షంవారూ అభ్యంతరం చెప్పరు.

భయంతో మిగిలిపోయే వ్యక్తిని గమనించాలి

ఇలాంటి అధ్యయనం జరిగిన ప్రతి గుంపులో ఒకరు వాదనలో పాల్గొనకుండా వెనుక కూర్చుని ఉంటారు. ‘నాకు ఆ ఫలవంతమైన పిలుపు రాలేదేమో, నేను ఏర్పరచబడలేదేమో’ అన్నది వారి లోపలి మాట. అటువంటివారికి సిద్ధాంతాన్ని మళ్లీ వివరించవద్దు. డార్డ్రెక్ట్ తీర్మానాలే, సజీవమైన విశ్వాసాన్ని తమలో ఇంకా బలంగా గుర్తించకపోయినా దాన్ని కోరుకుంటూ వాక్యాన్ని, ప్రార్థనను విడువక పట్టుకున్నవారు ఈ బోధకు బెదిరిపోకూడదనీ, మకమకలాడే వత్తిని దేవుడు ఆర్పడనీ మొదటి శీర్షిక పదహారో అంశంలో చెప్పాయి. సంప్రదాయ బాప్టిస్టు కాపరి అయినా, కాల్వినిస్టు కాపరి అయినా ఆ వ్యక్తితో పక్కన కూర్చుని తెరవాల్సిన వచనం యోహాను 6:37 రెండో సగం: “నాయొద్దకు వచ్చువానిని నేనెంత మాత్రమును బయటికి త్రోసివేయను.” ముందు సగంలో తండ్రి ఎవరిని ఇచ్చాడో తెలుసుకున్నాకే రమ్మని యేసు అనలేదు. ఆ వ్యక్తి చేత ఆ మాటను తన సొంత గొంతుతో చదివించండి, తర్వాత కలిసి ప్రార్థించండి, మరుసటి ఆదివారం తప్పకుండా పలకరించండి.